డ్రిల్లు గదిలోని ఫొటో

ఈ స్వర్ణోత్సవ సంచికకు మన డ్రిల్లు సారు గురించి రాయమని కమిటీ మిత్రులు నన్ను అడిగారు. ఒప్పుకున్నాను గానీ, కాగితం ముందు కూర్చుంటే కలం సాగలేదు. సారు బతికున్నన్నాళ్లూ ఎవరైనా తన గురించి నాలుగు మంచి మాటలు చెప్పబోతే విజిల్ ఊది ఆపేసేవారు. అందుకని ఆయన ఎవరిని చూసి డ్రిల్లు సారు అయ్యారో ఆ పెద్దమనిషి జీవితం రాస్తున్నాను. సారుకు ఇదే ఎక్కువ నచ్చేదని నా నమ్మకం.

1980లో నేను ఆరో తరగతిలో చేరాను. డ్రిల్లు గది గుర్తుంది కదా? పెంకుటిల్లు, వాన పడితే మూడు చోట్ల కురిసేది. మూలకు డంబెల్స్, గాలి పోయిన బంతులు, గోడకు ఆనించి హాకీ కర్రలు. తలుపు వెనక మేకుకు ఒక అట్టముక్క వేలాడేది. దాని మీద ఉర్దూ పేపర్‌లోంచి కత్తిరించిన ఫొటో ఒకటి అంటించి ఉండేది. సన్నటి మనిషి, నున్నగా దువ్విన జుట్టు, ఇస్త్రీ బట్టలు. కింద ఉర్దూలో ఏదో రాసి ఉండేది, మాలో ఎవరికీ చదవడం రాదు. ఆయన సారు వాళ్ల నాన్నగారని కొందరు, నిజాం కాలం నాటి హెడ్మాస్టరని కొందరు అనుకునేవాళ్లం. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆట తెలిసినవాళ్లు గౌరవంగా రహీం సాబ్ అంటారు. మన దేశం ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది రెండే రెండు సార్లు, 1951లో, 1962లో. రెండుసార్లూ జట్టుకు శిక్షణ ఇచ్చింది ఆయనే. 1956 ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు కూడా ఆయనే. ఇంత చేసిన మనిషి మొదట మన సార్ల లాగా ఒక బడి పంతులు. ఈ సంచిక చదివే ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

బడి నుంచి మైదానానికి

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు మంచి నేల. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంట్లలో ఇంగ్లీషు పటాలాలు ఉండేవి. వాళ్లు ఆడుతుంటే చుట్టుపక్కల బస్తీల పిల్లలు గీత బయట నిలబడి చూసి, వాళ్లు వెళ్లాక చెప్పుల్లేని కాళ్లతో అదే ఆట ఆడేవాళ్లు. అలా పేటపేటకూ ఒక జట్టు తయారైంది. ఎవరికీ జీతం లేదు. పగలు పని, సాయంత్రం ఆట. రహీం సాబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదువుతూ అక్కడి జట్టుకు ఆడారు. తరువాత ఊరి లీగులో మంచి పేరున్న కమర్ క్లబ్ తరఫున ఆడారు.

చదువయ్యాక ఉపాధ్యాయుడిగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇవీ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆ తరువాత పాఠంతో పాటు ఆటల బాధ్యత కూడా ఆయనదే అయింది. తెలివైన పిల్లవాడికి చెప్పడం ఎవరికైనా వస్తుంది, వెనక బెంచీ పిల్లవాడికి చెప్పడంలోనే పంతులు పనితనం తెలుస్తుంది. ఆయన ఈ సంగతి బాగా ఎరిగిన పంతులని ఆయన తరువాత చేసిన పనులు చూస్తే అర్థమవుతుంది.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. సంఘాల కార్యదర్శి అంటే సాధారణంగా రసీదు పుస్తకాలు, మీటింగు మినిట్సు చూసుకునే పని. ఈ మాట మన సంఘంలో పన్నెండేళ్లు కోశాధికారిగా ఉన్నవాడిగా చెబుతున్నాను. రహీం సాబ్ ఆ కుర్చీలో కూర్చుని ఊళ్లోని పిల్లలందరికీ పాఠ్యప్రణాళిక వేశారు.

ఎలాగంటే, ఆయన కొత్త రకం టోర్నమెంట్లు పెట్టించారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవడం మన పిల్లలకు మహా సరదా. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు గానీ జట్టు ఓడిపోతుంది. డ్రిబ్లింగ్ వద్దంటే వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి ఇవ్వాలి. ఇవ్వాలంటే ఎవడు ఎక్కడున్నాడో తలెత్తి ముందే చూసుకోవాలి. ఇంకొక టోర్నమెంటులో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో అన్నమాట. మరొకటి ఎత్తును బట్టి. ఇంత ఎత్తు లోపు పిల్లలకే ప్రవేశం, పొడుగు పిల్లల మధ్య నలిగిపోయే పొట్టివాళ్లకు వేరుగా ఆట.

ఇక్కడ ఒక్క క్షణం మన బడికి వస్తాను. ఇది చదువుతుంటే మీకూ ఏదో గుర్తొస్తోంది కదా?

శనివారం సాయంత్రం సారు పెట్టే ఆటలో కుడికాలితో గోల్ వేస్తే అది అవతలి జట్టు ఖాతాలో రాసేవారు. వరండా రెండో స్తంభం మీద సుద్దతో గీత గీసి, దాని కంటే పొట్టివాళ్లనే కొన్ని ఆటలకు దింపేవారు. ఇంకొన్ని రోజులు బంతిని మూడుసార్ల కంటే ఎక్కువ తాకితే విజిల్. ఇదంతా సారు సొంత చాదస్తం అనుకునేవాళ్లం. నాకైతే ఆ ఎడమకాలి ఆట అంటే ఒళ్లు మంట. బంతి ఎటు తంతే ఎటు పోతుందో తెలియదు, అందరూ నవ్వేవారు. పదో తరగతికి వచ్చేసరికి నవ్వడం మానేశారు. ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు.

ఆ గీత కింద ఆటల్లో ఎక్కువమంది హాస్టల్ పిల్లలే. అడవిలోపలి కోయ గూడేల నుంచి వచ్చి, మొదటి ఏడాది మాతో మాట్లాడడానికే బెరుకుపడినవాళ్లు. తెలుగు వాచకంలో తడబడినా మైదానంలో మాకు అందేవాళ్లు కాదు. బస్టాండు వైపు పిల్లలకు, హాస్టల్ పిల్లలకు స్నేహం కుదిరింది అక్కడే. ఈ బడిలో నాకున్న అతి దగ్గరి మిత్రుడు నాకు ఆ గీత కిందే దొరికాడు. అప్పట్లో నేనూ పొట్టివాణ్ణే మరి.

పోలీసు జట్టు

రహీం సాబ్ పేరు దేశానికి తెలిసింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వల్ల. పోలీసు ఉద్యోగుల జట్టది. అప్పట్లో మన దేశంలో ఆటనే వృత్తిగా బతికే పద్ధతి లేదు. జీతం పోలీసు కొలువుకు, ఆట ఇష్టానికి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయిన్, ఆంథొనీ పాట్రిక్, ధర్మలింగం, లతీఫ్, జుల్ఫికర్ లాంటివాళ్లు ఆ తరంలో హైదరాబాద్‌కు పేరు తెచ్చారు. పేర్లు చదివితేనే తెలుస్తుంది, ఊళ్లో ఎన్ని రకాల ఇళ్లున్నాయో అన్ని రకాల ఇళ్ల పిల్లలూ అందులో ఉన్నారు.

అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ పేర్లు చెబితే మిగతా దేశం తలవంచేది. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మన పోలీసు జట్టుకు మోహన్ బగాన్ ఎదురుపడింది. మొదటి ఆట రెండేసి గోల్స్‌తో సమమైంది. మళ్లీ ఆడినప్పుడు ఒక్క గోల్‌తో పోలీసులు గెలిచారు. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా గెలిచారు. అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. డ్యూరాండ్ కప్ 1954లో, 1957లో, మళ్లీ 1961లో గెలిచారు. ఇదంతా ఒక ఊరి పోలీసు శాఖ ఉద్యోగుల జట్టు చేసిన పని.

వాళ్ల ఆటలో ప్రత్యేకత ఏమిటంటే, బంతి నేల మీదే ఉండేది, ఒకరి కాలి దగ్గర ఎక్కువసేపు ఉండేది కాదు. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఆడతారో అలాగే ఆడారు. ఇంకొకటి, దమ్ము. అప్పట్లో మన దేశంలో పోటీలు 70 నిమిషాలే. బయటి దేశాలతో ఆడితే 90 నిమిషాలు. ఆ మిగతా 20 నిమిషాల్లోనే మన జట్లు కూలబడేవి. రహీం సాబ్ పరుగులు పెట్టించి, శరీరాన్ని సిద్ధం చేయించి ఆ లోటు పూడ్చే ప్రయత్నం చేశారు.

అమరిక విషయంలో కూడా ఆయన ముందుచూపు గలవారు. మన దేశంలో చాలాకాలం వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురు నిలబడే పాత పద్ధతే నడిచింది. ముందు ఐదుగురుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ బంతి పోయినప్పుడు వెనక ఆపేవాళ్లుండరు. 1958 ప్రపంచ కప్‌ను బ్రెజిల్ నాలుగు-రెండు-నాలుగు పద్ధతితో గెలిచాక అందరూ దాని వెంట పడ్డారు. రహీం సాబ్ అంతకు ముందు నుంచే అలాంటి అమరికను తన జట్లతో ఆడించారని ఆట చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. బరువు ఒకచోటే పడకుండా పంచడమే ఇందులో కిటుకు. ఇంజనీరుగా నాకు ఇది వంతెన లెక్కలాగే కనిపిస్తుంది.

బలరాం సంగతి ఒకటి చెప్పాలి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పెరిగిన కుర్రవాడు. ఆట చూసి రహీం సాబ్ రమ్మన్నారు. రోజూ అంత దూరం నుంచి రావడానికి కుర్రవాడి దగ్గర డబ్బుల్లేవు. అప్పుడు సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారని చెబుతారు. ఆ కుర్రవాడు తరువాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు, 1962 స్వర్ణంలో భాగమయ్యాడు. మన సారు సైకిల్ వెనక సీటు మీద కూర్చుని డివిజన్ పోటీలకు వెళ్లినవాళ్లు ఈ సంచిక చదివేవారిలో కనీసం నలుగురున్నారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిన అలవాటో వాళ్లకు ఇప్పుడు తెలుస్తుంది.

దేశం జట్టు

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. కెప్టెన్ శైలేన్ మన్నా, శిక్షకుడు రహీం సాబ్. ఫైనల్‌లో ఇరాన్ మీద మేవాలాల్ వేసిన ఒక్క గోల్‌తో స్వర్ణం మనదైంది.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఘోరంగా ఓడాం. యుగోస్లావియా 10, మనం 1. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలిలో, తడి నేల మీద ఉత్త కాళ్లు నిలవలేదు. ఆ ఓటమి తరువాతే మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. అలవాటు లేని కాళ్లకు బూట్లు తొడిగితే ఆట మొదటినుంచి నేర్చుకోవాలి. మనలో చాలామందికి మొదటిసారి బూట్లు వేసుకుని జిల్లా పోటీలకు వెళ్లిన రోజు గుర్తుండే ఉంటుంది. నాకు రెండు మడమలూ బొబ్బలెక్కి, రెండో సగం చేతిలో బూట్లు పట్టుకుని గీత బయట కూర్చున్నాను.

నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆ జట్టులో రహీం సాబ్ చేతి కింద పెరిగిన హైదరాబాద్ వాళ్లు చాలామంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం అందరూ ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఆసియా నుంచి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి దేశం మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్నవాళ్లు అదే జట్టు మీద ముందంజ వేసే దాకా వచ్చారు.

1960 రోమ్‌లో మన గుంపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ పడ్డాయి. హంగరీతో 1-2తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 సమం చేసి, పెరూతో 1-3తో ఓడి తిరిగొచ్చారు. ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. ఆయన తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

జకార్తా

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి రహీం సాబ్ ఒంట్లో బాగులేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ లోపల పని మొదలుపెట్టింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తరువాతి ఆటలో థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాం గానీ, మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0తో గెలిచి సెమీస్ చేరాం.

బయట పరిస్థితి కూడా బాగాలేదు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని తప్పుబట్టిన క్రీడా పెద్దల్లో భారతీయుడైన జి.డి. సోంధి ముఖ్యులు. దాంతో అక్కడి జనానికి మన దేశం మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీదికే వెళ్లారు. స్టేడియంలో మన జట్టు కనిపిస్తే చాలు అరుపులు.

సెమీఫైనల్‌కు రహీం సాబ్ తీసుకున్న నిర్ణయం వింటే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను వెనక ఆడించకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఎవరి దగ్గర ఏముందో బాగా తెలిసిన పంతులే ఇలాంటి సాహసం చేయగలడు.

సెప్టెంబర్ 4న ఫైనల్. అదే దక్షిణ కొరియా. ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను బయటికి నడకకు తీసుకెళ్లి, రేపు నాకు ఒక కానుక కావాలని అడిగారట. అడిగిన మనిషికి ఎంత టైముందో వాళ్లలో అందరికీ తెలియదు. మర్నాడు లక్ష మంది దాకా ఉన్న స్టేడియం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, మరికాసేపటికే జర్నైల్ సింగ్ గోల్స్ వేశారు. జ్వరం నుంచి అప్పుడే లేచిన తంగరాజ్ గోల్ కాశాడు. చివర్లో కొరియా ఒకటి వేసింది. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి జట్టుకు స్వర్ణం వచ్చింది. హైదరాబాద్ పిల్లలు బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ మైదానంలో ఉన్నారు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53.

ఆయన తరువాత

ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, అంతే. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరసగా గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో ఒకసారి గెలిచాం. పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మార్చుకుని కొన్నాళ్లు నిలబడి, మెల్లగా వెనకబడింది. ఆటగాళ్లు కలకత్తాకు వెళ్లిపోయారు. అంతకంటే పెద్ద నష్టం, పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలాలు ఒక్కొక్కటిగా ఇళ్లయ్యాయి, దుకాణాలయ్యాయి. ఎడమకాలి టోర్నమెంటు పెట్టాలన్నా ముందు కాలు మోపే చోటుండాలి కదా.

2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. హాల్లో కూర్చుని చూస్తుంటే తెర మీది మనిషి కంటే తలుపు వెనక అట్టముక్క మీది మనిషే నాకు ఎక్కువ కనిపించారు. ఆ ఫొటో ఎవరిదో నాకు తెలిసింది హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, ఒక ఆటల పత్రికలో. సెలవులకు వచ్చి సారును అడిగాను. చిన్నప్పుడు హైదరాబాద్‌లో ఎత్తును బట్టి పెట్టిన ఒక టోర్నమెంటులో తను ఆడానని, కప్పు ఇచ్చేటప్పుడు రహీం సాబ్ భుజం తట్టారని చెప్పారు. వ్యాయామ విద్య చదవాలని ఆ రోజే అనుకున్నారట. ఉద్యోగం వచ్చాక అడవి అంచున ఈ బడికి వేస్తే ఇంట్లో వాళ్లు వద్దన్నారట. మైదానం చూసి చేరిపోయానని చెప్పారు. ఇంతకంటే ఎక్కువ ఆయన చెప్పలేదు. ఆయన పోయి పదకొండేళ్లయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది.

స్వర్ణోత్సవ నిధితో బడికి శాశ్వత ఆదాయం ఉండేలా రోడ్డు వైపు పన్నెండు దుకాణం గదులు కట్టిద్దామని కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఆలోచన మంచిదే. ఆ అద్దెతో ఏటా పిల్లలకు ఫీజులు, పుస్తకాలు ఇవ్వొచ్చు. ప్లాన్ గీసే పని ఇంజనీరునని నాకే అప్పగించారు. గీశాను. అంచనా వేశాను. చప్పట్లు కూడా కొట్టారు.

పోయిన వేసవిలో టేపు పట్టుకుని మైదానం కొలిచాను. రోడ్డు వైపు గోల్ నుంచి చింతచెట్ల వైపు గోల్ వెనక దాకా పొడవు 98 మీటర్లు. వెడల్పు 60. గదులు, వాటి ముందు వరండా, కాలవ, బళ్లు నిలిపే స్థలం కలిపి నా ప్లాన్ 14 మీటర్లు తింటుంది. మిగిలేది 84. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం మైదానం పొడవు 90 మీటర్లకు తగ్గకూడదు. చిన్నపిల్లలకు కొలతలు తగ్గించుకోవచ్చు, నిజమే. కానీ ఆ తరువాత మన బడిలో పూర్తి మైదానం అనేది ఇక ఉండదు. ఈ ఆరు మీటర్ల తేడా కాగితం మీద నాకు కనిపించలేదు. నేను ఆడిన నేల నేనే కొలవకుండా ప్లాన్ గీశాను. తప్పు నాదే.

అందుకని సంఘానికి ఒక విన్నపం. ఆ ప్లాన్‌ను నేను వెనక్కి తీసుకుంటున్నాను. తూర్పు వైపు కూలిపోయిన పాత షెడ్డు స్థలంలో ఐదు గదులు వస్తాయి. కొత్త ప్లాన్ సిద్ధం చేసి కార్యదర్శి గారికి ఇచ్చాను. అద్దె సగానికి తగ్గుతుంది, దాచను. ఆ లోటు పూడ్చడానికి మా 1985 పదో తరగతి బ్యాచ్ ఏటా కొంత వేసుకోవడానికి ఒప్పుకుంది. మిగతా బ్యాచ్‌ల వాళ్లు కూడా ఆలోచించండి. ఒప్పుకోకపోతే సర్వసభ్య సమావేశం ఏం తీర్మానిస్తే దానికి కట్టుబడతాను, కానీ ఓటు వేసే ముందు ఒకసారి ఆ నేల మీద ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా నడిచి రండి.

రహీం సాబ్‌కు విదేశీ సామాగ్రి లేదు, పెద్ద జీతం లేదు. ఉన్నదల్లా బస్తీ మైదానాలు, పొట్టి పిల్లలు, పని చేయని ఎడమ కాళ్లు. వాటితోనే దేశానికి రెండు స్వర్ణాలు తెచ్చారు. మన సారు అదే పద్ధతిని ఇక్కడికి తెచ్చి కప్పులేమీ గెలవలేదు. జిల్లా ఫైనల్‌లో రెండుసార్లు ఓడాం. అయినా గూడెం నుంచి వచ్చి మాట పెగలని పిల్లవాడు గీత కింద నిలబడి నవ్వడం నేను చూశాను. ఆ పిల్లవాడు ఈ రోజు ఒక ఆశ్రమ పాఠశాలలో పీఈటీ. వాళ్ల బడి స్తంభం మీద కూడా సుద్ద గీత ఉందని మొన్న ఫోన్లో చెప్పాడు.

డ్రిల్లు గది పెంకులు మార్చేటప్పుడు ఆ అట్టముక్క దొరికింది. ఫొటో సగం చెదలు తిన్నది. మిగిలిన సగానికి అద్దం కట్టించాను. స్వర్ణోత్సవం రోజు మళ్లీ అదే మేకుకు తగిలిద్దాం. కింద ఈసారి తెలుగులో కూడా పేరు రాయించాను, పిల్లలు ఆయన ఎవరో తెలియక మాలాగా తికమకపడకుండా.